దర్గా గిర్నిలో ఇరుక్కున్న తల

ఉర్సు జాతరకు ముందటి గురువారం, పొద్దున పదకొండు గంటలకు, పిండి విసిరే దర్గా గిర్ని వెనక గోడలో ఉన్న గాలికంతలో నా తల ఇరుక్కుంది. గంట అంత కచ్చితంగా ఎట్లా చెబుతున్నావు నాయనమ్మా, అప్పటికి నీకు గడియారం చూడడం కూడా రాదు కదా అని మా మనవరాలు అడిగింది. గడియారం రాకపోతేనేం, భద్రాచలం పోయే ఎర్రబస్సు వాగు అవతల మలుపులో హారన్ కొట్టేది పదకొండింటికే. ఆ రోజు కూడా కొట్టింది. అలవాటు కొద్దీ తల తిప్పి చూడబోయాను. తల తిరగలేదు. ఇరుక్కున్న సంగతి నాకు తెలిసింది అప్పుడే.

ఆ రోజుల్లో మనుషుల మధ్య నమ్మకం ఉండేదనీ, తలుపులకు గొళ్ళాలు కూడా పెట్టుకునేవాళ్ళు కాదనీ ఇప్పుడు చాలామంది రాస్తున్నారు. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, రాత్రి బడిలో. వచ్చినప్పటి నుంచి ఇలాంటి రాతలు చదివి నవ్వుకుంటూనే ఉన్నాను. మా ఊళ్ళో గొళ్ళాలు పెట్టనిది నమ్మకం ఉండి కాదు, తలుపులే లేక. ఉన్నవి తడికెలు. తడికెకు గొళ్ళెం ఎవరు పెడతారు? పాలు పోసేవాడి మీద అనుమానం, బావి దగ్గర పక్కింటి బిందె మీద అనుమానం, ఇప్పపువ్వు ఏరుకొచ్చిన మనిషి మీద ఫారెస్టు వాళ్ళకు అనుమానం, ఫారెస్టు వాళ్ళ మీద అందరికీ అనుమానం. అన్ని అనుమానాలు కలిపి ఒక మనిషిని చేస్తే ఆ మనిషి మా అత్త. (పోయిన మనిషిని అట్లా అనకూడదంటారు. ఉన్నప్పుడు అనే ధైర్యం లేకపోయింది, ఇప్పుడు కూడా అనకపోతే ఎప్పుడు అంటాను?)

మా అత్తగారి ఊరు దుమ్ముగూడెం దారిలో, అడవి అంచున ఉంటుంది. ఊరి నుంచి గుట్ట ఎక్కి దిగితే వాగు, వాగు ఒడ్డున దర్గా. పాతకాలంలో కరువు వచ్చినప్పుడు ఒక ఫకీరు ఎక్కడి నుంచో వచ్చి, వాగు నీళ్ళను కాలువలోకి మళ్ళించి, ఆ నీళ్ళతో రాయి తిప్పించి, తెచ్చినవాళ్ళ గింజలన్నీ కలిపి విసిరించి, తెచ్చినవాడికీ తేనివాడికీ గంజి పోశాడని చెప్పుకుంటారు. అందరూ పీరు అని మొక్కే ఆయన గోరీయే దర్గా అయింది, ఆ రాయి దర్గా గిర్ని అయింది. మా ఊరివాళ్ళు, కోయగూడేల వాళ్ళు, అవతలి ఒడ్డు వాళ్ళు అందరూ గింజలు నెత్తిన పెట్టుకుని అక్కడికే పోయేవాళ్ళు. గిర్ని అంటే పెద్ద మేడ అనుకోకండి. రాతి గోడల మీద తాటాకు కప్పు. కింద నీళ్ళ దెబ్బకు చక్రం తిరుగుతుంది, పైన రాయి తిరుగుతుంది, రాయి మీద వేలాడే గంపలో నుంచి గింజ సన్నగా జారుతుంది, పిండి ముందున్న రాతి తొట్టిలో పడుతుంది.

ఆ గిర్నికి ఒక కట్టుబాటు ఉంది. గింజలు గంపలో పోశాక, ఎవరి పిండి ఎవరిదో చూడకుండా బయటికి వచ్చి, గిర్నికి వీపు పెట్టి, గోరీ వైపు మొహం పెట్టి కూర్చోవాలి. గంప ఖాళీ అయితే రాయి మోత మారుతుంది. అప్పుడు పోయి పిండి ఎత్తుకోవాలి. ఈ లోపల తిరిగి చూడకూడదు. పీరు సాక్షిగా తిరిగే రాయికి మనిషి కాపలా పెడితే పీరును దొంగ అన్నట్టే. గిర్ని చూసుకునే ముసలామె, మేమంతా బూబమ్మ అని పిలిచేవాళ్ళం, ఆమె కూడా నీళ్ళు వదిలి రాయి తిరగడం మొదలైందంటే వచ్చి మా పక్కన వీపు తిప్పుకుని కూర్చుని చింతగింజలు కొట్టుకునేది. పూర్వం ఎవడో తిరిగి చూస్తే వాడి పిండి ఇసుకైందని ఆమె చెప్పేది. ఆమె భర్త, దర్గా చూసుకునే ముజావర్ తాత మాత్రం వాడి మెడ అట్లనే ఉండిపోయిందని చెప్పేవాడు. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారని నాకు అప్పుడే అనుమానం.

ఇక మా అత్త సంగతి. ఆమెది మధిర వైపు. పుట్టింట్లోనూ, ఇక్కడికి వచ్చాకా ఇంటి తిరగలి మీదే విసిరింది. విసరడం ఆపీ ఆపగానే, పిండిని అక్కడికక్కడే ఇత్తడి మానికతో కొలిచేది. మానిక జొన్నలకు మానికన్నర పిండి రావాలి. అది ఆమెకు వేదం. నేను కాపురానికి వచ్చేసరికి ఆమెకు భుజం నొప్పి మొదలైంది, తిరగలి మూలకు చేరింది, దర్గా గిర్నికి పోయి రావడం కొత్త కోడలి పని అయింది. మొదటిసారి నేను పిండి తెచ్చి దించగానే అత్త మానిక తీసుకుని కొలిచింది. మానికన్నర రాలేదు. మళ్ళీ కొలిచింది. అరచేత్తో అంచు సవరించి, మానికను ఒక కంటితో చూసి, తర్వాత నన్ను రెండు కళ్ళతో చూసింది. ఏమీ అనలేదు. మా అత్త అనే మాటల కంటే అనని మాటలు ఎక్కువ మంట పుట్టించేవి.

రెండోసారీ అంతే. మూడోసారి ఆమె నోరు విప్పింది, నాతో కాదు, గేదెతో. పాలు పిండుతూ, దారిలో పుట్టిల్లున్న కోడలిని తెచ్చుకోవడమంటే చిల్లు కుండలో నీళ్ళు పొయ్యడమేనని దానికి చెప్పింది. గేదె తలాడించింది. (అది ఈగల కోసం ఆడించింది. అయినా నాకు దాని మీద కోపం పోలేదు.) మా అమ్మ గూడెం నిజంగానే గిర్ని దారిలో ఉంది. వచ్చేటప్పుడు ఆమె అరుగు మీద గంప దించి, చెంబెడు నీళ్ళు తాగి, మళ్ళీ ఎత్తుకునేదాన్ని. మా నాయన పోయాక అమ్మ ఒక్కతే ఉండేది. ఎండాకాలం తునికాకు కోసి, వానాకాలం చారెడు చేను చేసుకుని బతికింది. కూతురింట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి. పిల్ల కడుపు పండేదాకా అల్లుడింట్లో మెతుకు ముట్టొద్దని మాలో ఆనవాయితీ. మా అమ్మ దానికి ఇంకో ఆకు ఎక్కువ చదివింది, నీళ్ళూ ముట్టేది కాదు. అట్లాంటి మనిషిని పిండి దొంగను చేశారు. పెద్దగా అనలేదు గానీ, గేదెతో అన్న మాట ఊళ్ళో వాళ్ళ చెవికి చేరడానికి ఎంత సేపు పడుతుంది?

నాలుగోసారి తగ్గినప్పుడు అత్త మా ఆయనతో, నేను వినేటట్టు, తేల్చి చెప్పింది. ఈసారి కూడా పిండి తగ్గితే మా అమ్మను దర్గాకు పిలిపించి, ఉర్సు నాడు జనం ముందర, గోరీ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చెయ్యమంటుందట. మా ఆయన సరే అన్నాడు. ఆయన దేనికైనా సరే అనేవాడు. నాకు మాత్రం అన్నం దిగలేదు. మా అమ్మ ప్రమాణం చేస్తుంది, ఆమెకు భయమేముంది. చేసి ఇంటికి పోతుంది. పోయాక ఇక బతకదు. నాకు ఆమె సంగతి తెలుసు.

అందుకని దొంగను నేనే పట్టాలనుకున్నాను. అప్పటికి నాకు అనుమానం లేని మనిషి లేదు. ముజావర్ తాత గడ్డంలో ఎప్పుడూ పిండి ఉండేది. బూబమ్మ మేక మూతి తెల్లగా ఉండేది (అది పుట్టుకతోనే తెల్ల మూతి మేకని తర్వాత తెలిసింది). నాతో పాటు గిర్నికి వచ్చే పొరుగింటి ముసలామె ఉంది, ఎప్పుడూ దవడలో పొగాకు ఉంటుందని పొగాకు పెద్దమ్మ అనేవాళ్ళం. ఆమె మీదా అనుమానమే. నా గంప కన్నా ఆమె గంప ఎప్పుడూ నిండుగా కనిపించేది. ఆ గురువారం దారిలో, గుండె రాయి చేసుకుని ఆమెనే అడిగాను, పెద్దమ్మా, నీ పిండి తగ్గుతుందా అని. ఆమె పొగాకు ఊసి, నన్ను వింత జంతువును చూసినట్టు చూసింది.

"పిండిని కొలుస్తరానె ఎవలన్న? ఆకలైతె తింటరు గని."

ఆ మాటతో నా అనుమానం ఇంకా గట్టిపడింది. కొలవని మనిషి దొరకని దొంగ.

దర్గాకు చేరేసరికి వాగు తేటగా, నిండుగా పారుతోంది. ఉర్సు దగ్గరపడిందని గోరీకి సున్నం వేశారు, ముజావర్ తాత లోపల ఊదు వేస్తున్నాడు. ఎప్పటిలాగే పిడికెడు గింజలు గడప దగ్గర పీరు పేరున పోసి, కొంగు తల మీద కప్పుకుని, తాత చేత నెమలీకల కట్టతో తల మీద తట్టించుకుని, గిర్నిలోకి పోయి నా జొన్నలు గంపలో పోశాను. బూబమ్మ నీళ్ళు వదిలింది, రాయి కదిలింది. ముగ్గురం వచ్చి వీపు తిప్పి కూర్చున్నాం. పొగాకు పెద్దమ్మ కూర్చున్న చోటే కునుకు తీసింది. బూబమ్మ చింతగింజలు కొడుతోంది. నేను కడుపులో తిప్పుతోందని చెప్పి లేచి, చెట్లలోకి పోయినట్టు పోయి, చుట్టూ తిరిగి గిర్ని వెనక గోడకు చేరాను.

అబద్ధం ఎందుకు, భయం వేసింది. ఇసుకా మెడా రెండూ గుర్తొచ్చాయి. పీరు సాహెబూ, నేను చూసేది నీ రాయిని కాదు, దొంగను మాత్రమే అని మనసులో చెప్పుకున్నాను. పీరుకు కూడా తిరకాసు పెట్టగలిగిన వయసు అది. గోడకు నా ఎత్తున గాలి కోసం వదిలిన కంత ఉంది. ముందు కన్ను పెట్టాను, చీకటి తప్ప ఏం కనిపించలేదు. మొహం పెట్టాను, పిండి దుమ్ము తప్ప ఏం కనిపించలేదు. కొప్పును వెనక్కి అణిచి, ఒక చెవి తర్వాత ఒక చెవి మడిచి, తల మొత్తం లోపల పెట్టాను. అప్పుడు కనిపించింది. పిండి తొట్టి పక్కన ఎవరో ఆడమనిషి, మొహం మీద ముసుగు, మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతి దాకా నా పిండిలో చెయ్యి పెట్టి ఉంది.

దొరికిందనుకున్నాను. అరుద్దామని నోరు తెరిస్తే నోట్లోకి పిండి పోయింది. అదే సమయంలో బస్సు హారన్ కొట్టడం, నా తల ఇరుక్కున్న సంగతి నాకు తెలియడం, దగ్గు రావడం అన్నీ ఒక్కసారే జరిగాయి. ఆ దగ్గుకు ఆడమనిషి తల ఎత్తింది. ముసుగు జారింది. మా అత్త.

ఆమెకు కనిపించింది ఏమిటో కూడా చెప్పాలి. చీకటి గోడలో, ఒళ్ళూ చేతులూ లేకుండా, సున్నం కొట్టినట్టున్న మొహం ఒకటి కళ్ళు ఇంతింత చేసి తన వైపు చూస్తోంది. అంతకాలం పాటు ఎవరినీ నమ్మని మా అత్త ఆ మొహాన్ని మాత్రం చూసీ చూడగానే నమ్మేసింది. రెండు చేతులూ జోడించింది. చేతుల నిండా పిండి.

"అయ్యా, పీరు సామీ," అంది, "నేను దొంగతనానికి రాలేదు. నా కోడలే దొంగ. పిండి వాళ్ళమ్మకు పోస్తోంది. నీ రాయి తక్కువ ఇస్తోందా, ఆ పిల్ల తక్కువ తెస్తోందా, అది చూసి పోదామని వచ్చాను, అంతే. నా కళ్ళు తియ్యబాకు."

గేదెతో చెప్పిన మాట వేరు. ఇది నేరుగా నా మొహం మీద అన్న మాట (నా మొహమని ఆమెకు తెలియకపోయినా). ఆ పిండి దుమ్ములో నాకు ఏడుపు వచ్చింది. తెల్లని మొహం మీద రెండు చారలు దిగాయి. పీరు ఏడుస్తున్నాడనుకుని అత్త నేల మీద సాగిలపడింది. ఇంకాసేపు అట్లాగే ఉండి ఉంటే ఆమె చేత జన్మలో చెయ్యని ప్రమాణాలన్నీ చేయించేదాన్ని. కానీ చిన్నతనం, తెలివి తక్కువ. నోరు జారాను.

"అత్తా, నా తల రావట్లే."

ఆ తర్వాత ఆమె అరిచిన అరుపుకు పొగాకు పెద్దమ్మ లేచింది, చెట్ల మీద పిట్టలు లేచాయి, దర్గా అవతల చెట్ల చాటున ఎడ్లబండిలో పడుకున్న మా ఆయన కూడా లేచాడు. ఆయన అక్కడ ఎందుకున్నాడంటారా? మేము గుట్ట దారిన నడిచి పోతుంటే, మా అత్త చుట్టుదారిన బండి కట్టించుకుని వచ్చి, బూబమ్మ వీపు తిప్పగానే లోపల దూరింది. ఆ సంగతి నాకెందుకు చెప్పలేదని తర్వాత నిలదీస్తే, నువ్వు అడగలే అన్నాడు.

నన్ను బయటికి తీయడం గొప్ప కథ. పొగాకు పెద్దమ్మ నా నడుము పట్టుకుని లాగింది. చెవులు ఊడేటట్టున్నాయి గానీ తల రాలేదు. బూబమ్మ గోరీ దగ్గర దీపంలోని ఆముదం తెచ్చి లోపలి నుంచి నా తల మీద పోసింది. పిండీ ఆముదం కలిసి మొహం మీద జిగురు ముద్దయింది. చివరికి మా అత్త లోపల నిలబడి, అరచెయ్యి నా నుదుటి మీద ఆనించి, బలం కొద్దీ బయటికి నెట్టింది. కాపురానికి వచ్చినాక ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి. కొప్పు ఊడి, నేనూ పెద్దమ్మా కలిసి వెనక్కి పడ్డాం. మా ఆయన దూరంగా నిలబడి, దెబ్బ తగిలిందా అని అడిగాడు. ఎవరిని అడిగాడో ఎవరికీ తెలియలేదు.

ఇక ముజావర్ తాత వచ్చాడు. కట్టుబాటు తప్పాం, ఏమంటాడోనని ఇద్దరం తల వంచుకుని నిలబడ్డాం. ఆయన తిట్టలేదు. గడ్డం సవరించుకుని నన్ను అడిగాడు, తిరిగి చూస్తివి గదా బేటీ, ఏం కనవడ్డది అని. మా అత్త అన్నాను. అత్త వైపు తిరిగి నీకేం కనవడ్డది అన్నాడు. నా కోడలు అంది ఆమె, పళ్ళ సందుల్లోంచి.

"మరి దొంగేడి?" అన్నాడు ఆయన.

ఇద్దరం ఉర్సుకు మలీదా ప్రసాదానికి పిండి మా చేతుల మీదుగా తేవాలని, అదే తప్పుకు జుర్మానా అని చెప్పి లోపలికి పోయాడు. పోతూ పోతూ ఆయన భుజాలు కదిలాయి. నవ్వాడని నాకు అనుమానం.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. మా అత్త నడుము దగ్గర కొంగులో మానిక ఉంది, తెచ్చుకుంది. తొట్టిలోని పిండిని అక్కడికక్కడే కొలిచింది. మానికకు మానికన్నర, పైన ఇంత గోపురం. గిర్నిలో పిండి తగ్గడం లేదు, బూబమ్మ దొంగ కాదు, తాత దొంగ కాదు, మేక కూడా దొంగ కాదు. అంటే పిండి పోయేది దారిలోనే. దారిలో ఉన్నది మా అమ్మ ఇల్లొక్కటే. దొంగను పట్టబోయి, తాడు తీసుకుపోయి మా అమ్మ మెడకే వేశాను.

అత్త మానిక మళ్ళీ కొంగులో దోపుకుంది. మా ఆయన బండి ఎక్కమంటే ఎక్కలేదు. నన్ను గంప ముట్టనివ్వలేదు. పిండి గంప తన నెత్తినే పెట్టుకుని, నొప్పి భుజంతో, గుట్ట దారిన నడిచింది. వెనక నేను, నా వెనక పొగాకు పెద్దమ్మ, చుట్టుదారిన ఖాళీ బండితో మా ఆయన. అమ్మ గూడెం వచ్చింది. అత్త గంప దించలేదు, అరుగు ముందర నిలబడి, వదినా, ఒకసారి ఇంటి దాకా రా, ఒక సంగతి తేల్చాల్సింది ఉంది అంది. అమ్మ నా వైపు చూసింది. పిండీ ఆముదం ఎండి నా మొహం పగిలిన చెరువులా ఉంది. ఏమీ అడగకుండా చేతులు కడుక్కుని మా వెంట నడిచింది. ఆ దారి అంతా రాళ్ళ మీద అత్త అడుగులు, అడుగడుక్కీ గంప చేసే చప్పుడు, అంతే.

ఇంటి వాకిట్లో అత్త గంప దించి కొలిచింది. తగ్గింది.

ఆమె మళ్ళీ కొలిచింది. తగ్గింది. గంప తన తల మీదే వచ్చింది, ఎక్కడా దించలేదు, ఎవరూ ముట్టలేదు. ఇప్పుడు దొంగెవరు? ఆమె తన కొంగు దులుపుకుని చూసుకోవడం నేను నా కళ్ళతో చూశాను. తనను తాను కూడా అనుమానించగలిగిన మనిషి మా అత్త, ఆ విషయంలో ఆమెకు చెయ్యెత్తి మొక్కాలి. తర్వాత ఆమెకు ఇంకో అనుమానం వచ్చింది, గిర్నిలో పిండిలో ఏదో కలిపి ఎక్కువ చూపించారని. జల్లెడ తెప్పించి, చాప పరిచి, పిండి మొత్తం తన చేత్తోనే జల్లించింది. జల్లెడలో మిగిలింది చారెడు తవుడు. జల్లించిన పిండి చాప మీద దూదిలా లేచి ఉంది. దాన్ని మానికలోకి ఎత్తి కొలిచింది. మానికకు మానికన్నర.

మొదట పొగాకు పెద్దమ్మకు వెలిగింది. దవడలో పొగాకు ఇటు నుంచి అటు మార్చుకుంది.

"గుట్టెక్కి దిగొచ్చింది గద చెల్లె, పిండి గూడ అలిసి కూసున్నది. ఇప్పుడు లేపినవు, లేచింది."

అంతే సంగతి. తిరగలి ముందు కూర్చుని కొలిస్తే పిండి పొంగి ఉంటుంది. నెత్తి మీద కుదుపులు తింటూ వస్తే అణిగిపోతుంది. ఇంత చిన్న విషయానికి నెల పైగా ఒక ఇల్లు నిద్రపోలేదు, ఒక తల గోడలో ఇరుక్కుంది, ఒక ముసలితల్లి ప్రమాణం దాకా వచ్చింది. తప్పయిందని అనడం మా అత్తకు రాదు, ఆ మాట ఆమె నోటికి అలవాటు లేదు. వంగి, మానిక నిండా పిండి ఎత్తి, అమ్మ ముందుకు జరిపింది. తీసుకుపో వదినా అంది. అమ్మ దాన్ని ముట్టలేదు. నిలబడే ఉంది.

"తినని పిండికి ఇన్ని దినాలు పేరు మోసిన వదినె. ఇప్పుడు తీసుకపోయి ఆ పేరు నిజం జెయ్యమంటవా?"

గొంతు పెంచి అనలేదు. అని, నా మొహం మీది పిండి పెచ్చు ఒకటి గోటితో తీసి, స్నానం చెయ్యి బిడ్డా అని చెప్పి వెళ్ళిపోయింది. మా అత్త ఆ మానిక ముందు అట్లాగే కూర్చుంది. ఆ రోజు గేదె పాలు పిండింది నేనే. అత్త దానితో ఏమీ మాట్లాడలేదు.

ఉర్సు నాడు ప్రమాణం లేదు. జుర్మానా పిండితో దర్గా వెనక పొయ్యి పెట్టి, మా అత్త తన చేతులతో రొట్టెలు కాల్చి, నలిపి, బెల్లం, నెయ్యి కలిపి మలీదా ముద్దలు చేసింది. తాత ఫాతిహా చదివాడు. పంచడానికి చాలామంది ఉన్నా అత్త ఒక ముద్ద తీసుకుని జనంలో వెతుక్కుంటూ పోయి మా అమ్మ ముందు నిలబడింది. ఇది మా ఇంటిది కాదు వదినా, పీరుది, దీనికి నీ ఆనవాయితీ అడ్డం రాదు అంది. అమ్మ కొంచెం ఆలోచించింది. తర్వాత చెయ్యి చాపింది. ఇద్దరూ ఆ ముద్దను చెరి సగం చేసుకుని, పక్కపక్కన నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిన్నారు. మా అమ్మ ముక్క ముక్కా నమిలి తినింది. బాగుందని అనలేదు. బెల్లం ఎక్కువైందంది. మా అత్తకు ఆ మాటతో ఎంత నిమ్మళమైందో నేను పక్క నుంచి చూశాను.

అనుమానాలు ఆ తర్వాత పోయాయనుకోకండి. కిరసనాయిలు డీలర్ మీదకు మళ్ళాయి, అక్కడ న్యాయం కూడా ఆమె వైపే ఉంది. ఊరికి కరెంటు గిర్ని వచ్చాక వాగు గిర్ని ఆగిపోయింది. మొన్నీమధ్య ఎవరో చదువుకున్నవాళ్ళు వచ్చి, రాయిని కొలిచి, ఫోటోలు తీసి, పాత నీటి మర అని గోడకు బోర్డు బిగించి పోయారు. కూడబలుక్కుని చదివాను. ఇక్కడ చెప్పుకోదగ్గ సంఘటనలేమైనా జరిగాయా అవ్వా అని నన్ను అడిగారు. ఏం జరగలేదయ్యా అన్నాను. వాళ్ళు నేను నిలబడ్డ చోటు నుంచి సరిగ్గా జానెడు దూరంలో ఉన్న గాలికంతను కూడా కొలిచారు. దాని కొలత నాకు వాళ్ళకన్నా బాగా తెలుసు.

ఇప్పుడు నా కోడలు మణుగూరు నుంచి పిండి ప్యాకెట్లు తెస్తుంది. బరువు ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, చదవగలను కూడా. అయినా ఆమె అటు తిరగగానే ప్యాకెట్ అరచేతిలో పెట్టుకుని ఎత్తి చూస్తాను, గింత తేలికున్నదేంది అనుకుంటాను. ఒకరోజు ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. ఏంది అత్తమ్మా అంది. ఏం లేదు బిడ్డా అని కింద పెట్టాను. ఆమె పోయాక ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మొహం నాదే, చూసే చూపు మాత్రం మధిర నుంచి వచ్చిన మా అత్తది.

ఆ గురువారం అక్కడ ఉన్నవాళ్ళం వీళ్ళం: గోరీ దగ్గర ముజావర్ తాత, చింతగింజలు కొడుతూ బూబమ్మ, కునుకు తీస్తూ పొగాకు పెద్దమ్మ, పిండి తొట్టి పక్కన మా అత్త, గోడలో నేను, సాయంత్రం మా వాకిట్లో మా అమ్మ, బండిలో మా ఆయన. వీళ్ళలో ఇప్పుడు మిగిలింది మా ఆయనా నేనూ. ఆయన్ని అడిగితే ఆ రోజు బండిలో నిద్రపోయానని, తనేమీ చూడలేదని ఇప్పటికీ అంటాడు. నేను నమ్మను.